కాపరుల కంటె ముందు నడిచినవారు: ఆఫ్రికన్ అమెరికన్ పౌరహక్కుల పోరాటములో యౌవనస్థుల పాత్ర

మార్టిన్ లూథర్ కింగ్ పేరు ఎరుగని తెలుగు సంఘకాపరి బహుశా ఉండడు. ఆయన జీవితములోని సంఘటనలు మన ప్రసంగాలలో ఉదాహరణలుగా తరచు వినబడుతూనే ఉంటాయి. అయితే ఆయన వెనుక నడిచినవారిలో, కొన్ని సందర్భాలలో ఆయన కంటె ముందే నడిచినవారిలో, అనేకులు పదునైదు, ఇరువది యేండ్ల ప్రాయము వారన్న సంగతి మన తరగతి గదులలో గాని, సంఘాలలో గాని అంతగా వినబడదు. వారిలో ముఖ్యులైన కొందరు ఈ పత్రిక పాఠకులలో అనేకుల వలెనే వేదాంత విద్యార్థులు. చదువు మధ్యలో జైలుకు వెళ్లి, జైలు నుండి తిరిగి తరగతికి వచ్చినవారు.

ఉద్యమ చరిత్ర అంతటిని ఇక్కడ చెప్పాలని మేము పూనుకొనలేదు. 1951 మొదలు 1965 వరకు యౌవనస్థులు చేసిన కొన్ని పనులను, ఆ పనులు జరుగుతున్నప్పుడు వారి కాపరులు, సంఘపెద్దలు ఏమి చేశారన్న విషయాన్ని పరిశీలించడమే మా ఉద్దేశము. ఈ రెండవ విషయమే మాకు మరింత ముఖ్యము, ఎందుకంటే మేమూ కాపరులమే.

నేపథ్యము క్లుప్తంగా చెప్పుకుందాము. అమెరికాలో బానిసత్వము 1865లో చట్టరీత్యా రద్దయింది. కాని దక్షిణ రాష్ట్రాలు క్రమేణా బడి, బస్సు, హోటలు, ఆసుపత్రి, చివరకు స్మశానము వరకు తెల్లవారికి, నల్లవారికి వేరువేరుగా ఉండేలా చట్టాలు చేసుకున్నాయి. వేరుగా ఉన్నా సమానంగా ఉంటే చాలునని 1896లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పి ఆ చట్టాలకు బలమిచ్చింది. వేరుగా ఉంచడము అమలయింది. సమానత్వము మాత్రము అమలు కాలేదు.

ఫార్మ్‌విల్ ఉన్నత పాఠశాల

వర్జీనియా రాష్ట్రములో ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీలో ఫార్మ్‌విల్ అనే చిన్న పట్టణము ఉంది. అక్కడ నల్లజాతి పిల్లల కోసము 1939లో కట్టిన మోటన్ ఉన్నత పాఠశాల 180 మందికి సరిపడేది. 1951 నాటికి 450 మంది అందులో చదువుతున్నారు. చోటు చాలక, తారు కాగితము కప్పిన చెక్క షెడ్లు వేసి వాటిలో పాఠాలు చెప్పేవారు. వాన పడితే అవి కారేవి. చలికాలములో పొయ్యి దగ్గర కూర్చున్న వారికి ఉక్క, దూరాన ఉన్నవారికి వణుకు. తల్లిదండ్రులు కొత్త భవనము కోసము విన్నపాలు ఇస్తూ వచ్చారు. అధికారులు వాయిదా వేస్తూ వచ్చారు.

1951 ఏప్రిల్ 23న బార్బరా జాన్స్ అనే 16 ఏండ్ల విద్యార్థిని, మరికొందరు కలిసి ఒక పథకము అమలు చేశారు. ఇద్దరు విద్యార్థులు ఊరిలో చిక్కులో పడ్డారని ఫోను చేయించి ప్రధానోపాధ్యాయుని బడి నుండి బయటకు పంపారు. ఆయన పేరుతో చీటీ రాసి తరగతులన్నిటినీ సమావేశపు హాలుకు రప్పించారు. తెర తీయగానే వేదిక మీద ప్రధానోపాధ్యాయునికి బదులు బార్బరా నిలబడి ఉంది. ఉపాధ్యాయులను బయటకు వెళ్లమని కోరి, చెప్పు తీసి బల్ల మీద కొట్టి సభను నిశ్శబ్దపరచింది. కొత్త బడి వచ్చేవరకు తరగతులకు వెళ్లకూడదని తీర్మానించారు. సమ్మె రెండు వారాలు సాగింది.

అబద్ధపు ఫోను, దొంగ చీటీ. మనలో ఎవరి సంఘపు పిల్లలైనా ఈ పని చేస్తే మనము మొదట ఆ చీటీ గురించే గద్దిస్తాము. అది తప్పు కాదని మేము వాదించడము లేదు. అయితే ఆ చీటీ ఒక్కటే కనబడి, కారుతున్న షెడ్డు కనబడకపోతే మన కళ్లను గురించి కూడా ఆలోచించవలసి ఉంది.

ఆ ఊరి ఫస్ట్ బాప్టిస్టు చర్చి కాపరి ఎల్. ఫ్రాన్సిస్ గ్రిఫిన్. విద్యార్థులు ఆయన సలహా కోరారు. ఏలీ ముందు నిలిచిన సమూయేలు సంగతి మనకు తెలుసు (1 సమూయేలు 3). పిలుపు వచ్చింది బాలునికి. ఆ పిలుపు ఎవరిదో గుర్తుపట్టవలసినవాడు వృద్ధుడు. అతడు కూడా మూడవసారి గాని గుర్తుపట్టలేకపోయాడు. గ్రిఫిన్ గారు మొదటిసారే గుర్తుపట్టారు. రిచ్‌మండ్ నగరములోని నల్లజాతి న్యాయవాదులు ఆలివర్ హిల్, స్పాట్స్‌వుడ్ రాబిన్సన్ వచ్చి, కొత్త భవనము కోసము అయితే తాము వాదించబోమని, వేరుపరచే చట్టాన్నే ప్రశ్నించేటట్లయితే వాదిస్తామని చెప్పారు. ఆ నిర్ణయము తీసుకొనడానికి తల్లిదండ్రులు, పిల్లలు కూడుకొన్నది గ్రిఫిన్ గారి చర్చిలోనే. 1951 మే 23న వ్యాజ్యము దాఖలయింది. బడులలో వేరుపాటు రాజ్యాంగవిరుద్ధమని 1954 మే 17న సుప్రీంకోర్టు ఇచ్చిన ప్రసిద్ధమైన బ్రౌన్ తీర్పులో కలిసిన ఐదు వ్యాజ్యాలలో ఇది ఒకటి. ఐదింటిలో విద్యార్థుల సమ్మెతో మొదలైనది ఇదొక్కటే.

కథ ఇక్కడ ముగిస్తే మంచి సాక్ష్యముగా ఉంటుంది. కాని నిజము ఇంకా ఉంది. బెదిరింపుల వలన బార్బరాను తల్లిదండ్రులు మోంట్‌గమరీలో ఆమె తండ్రి సోదరుడు వెర్నాన్ జాన్స్ ఇంటికి పంపివేశారు. (డెక్స్టర్ అవెన్యూ బాప్టిస్టు చర్చిలో కింగ్ గారికి ముందు కాపరిగా ఉన్నది ఆయనే.) తీర్పును అమలు చేయడము ఇష్టములేక ఆ కౌంటీ అధికారులు 1959లో ప్రభుత్వ బడులన్నిటినీ మూసివేశారు. తెల్లపిల్లలకు ప్రైవేటు బడి ఏర్పడింది. వేయిమందికి పైగా నల్లజాతి పిల్లలు ఐదేండ్లు బడి లేకుండా పెరిగారు. 1964లో బడులు తెరవాలని సుప్రీంకోర్టు ఆదేశించిన వ్యాజ్యము గ్రిఫిన్ పేరుతోనే ఉంది. వాదులలో ఆ కాపరి సొంత పిల్లలు ఉన్నారు. ఇతరుల పిల్లలను ముందుకు పంపి తన పిల్లలను వెనుక దాచుకొన్న కాపరి కాడు ఆయన.

పక్కన పెట్టబడిన సాక్షి

మోంట్‌గమరీ బస్సులో లేవను పొమ్మన్న స్త్రీ రోజా పార్క్స్ అని అందరము చెబుతాము. అది 1955 డిసెంబరు 1. దానికి తొమ్మిది నెలల ముందు, మార్చి 2న, క్లాడెట్ కోల్విన్ అనే 15 ఏండ్ల బాలిక అదే నగరములో, అదే విధముగా సీటు విడువక పోలీసులచేత ఈడ్వబడి జైలుకు వెళ్లింది. నాయకులు ఆమె కేసును ఉద్యమానికి ఆధారముగా తీసుకొనలేదు. చిన్నపిల్ల, బీదకుటుంబము, ఆవేశపరురాలు అన్నారు. ఆ తరువాత ఆమె పెండ్లి కాకుండానే గర్భవతి అయింది. గౌరవనీయమైన ముఖము కావాలనుకొన్న పెద్దలు ఆమెను పక్కన ఉంచారు.

అయితే బస్సులలో వేరుపాటును నిజముగా కొట్టివేసినది 1956 నాటి బ్రౌడర్ వ్యాజ్యము. దానిలో చివరివరకు నిలిచిన నలుగురు వాదులలో క్లాడెట్ ఒకరు. మరొకరు, మేరీ లూయీస్ స్మిత్, ఆమె కూడా 18 ఏండ్లదే. న్యాయస్థానములో సాక్ష్యము చెప్పవలసి వచ్చినప్పుడు పెద్దలు సిగ్గుపడిన ఆ పిల్లయే నిలబడింది. బాల్యములో ఆమె మీద పెట్టిన కేసు రికార్డును అలబామా న్యాయస్థానము కొట్టివేసినది 2021లో, ఆమె 82వ ఏట. సంఘము నుండి ఎవరిని వెలివేశామో, ఎందుకు వెలివేశామో రాసుకొన్న మినిట్సు పుస్తకాలు మన దగ్గర కూడా ఉన్నాయి.

నాగపూరు నుండి నాష్‌విల్‌కు

ఈ చరిత్రలో మన దేశానికి సంబంధము ఉన్న భాగము ఇది. జేమ్స్ లాసన్ అనే మెథడిస్టు యువకుడు, కొరియా యుద్ధకాలములో సైన్యములో చేరనని జైలుకు వెళ్లి వచ్చి, 1953లో మిషనరీగా నాగపూరు చేరి హిస్లాప్ కళాశాలలో మూడేండ్లు పనిచేశాడు. గాంధీ గారి పద్ధతులను అక్కడ చదివి, ఆయనతో కలిసి పనిచేసినవారిని కలిసి తెలిసికొన్నాడు. మోంట్‌గమరీ బస్సు బహిష్కరణ వార్త కూడా ఆయన నాగపూరులోనే వార్తాపత్రికలో చదివాడు. తిరిగి వెళ్లిన తరువాత 1957లో కింగ్ గారు ఆయనను కలిసి, చదువు ముగిసే వరకు ఆగక వెంటనే దక్షిణానికి రమ్మన్నారు. లాసన్ నాష్‌విల్ నగరానికి వెళ్లి వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయపు వేదాంత విభాగములో చేరాడు.

1959లో ఆయన ఒక మెథడిస్టు చర్చి క్రింది గదిలో వారము వారము తరగతులు నడిపాడు. వచ్చినవారిలో ఫిస్క్ విశ్వవిద్యాలయ విద్యార్థిని డయాన్ నాష్ ఉంది. అమెరికన్ బాప్టిస్టు థియొలాజికల్ సెమినరీ నుండి జాన్ లూయిస్, జేమ్స్ బెవెల్, బెర్నార్డ్ లఫాయెట్ ఉన్నారు. లూయిస్ అలబామా రాష్ట్రములో కౌలురైతు ఇంట పుట్టినవాడు. చిన్నప్పుడు కోళ్లను కూర్చోబెట్టి ప్రసంగము చేసేవాడట. సెమినరీలో వంటపాత్రలు కడుగుతూ చదువుకొన్నాడు. ఇటువంటి విద్యార్థులను మనము ప్రతి వేదాంత కళాశాలలోను చూస్తాము.

ఆ తరగతులలో ఏమి నేర్పారు? కొండమీది ప్రసంగము చదివారు. గాంధీ గారిని చదివారు. తరువాత కుర్చీలు లంచ్ కౌంటర్ వలె వరుసగా వేసి, కొందరు విద్యార్థులు కూర్చునేవారు. మిగిలినవారు తెల్లగూండాల వేషము వేసి వారిని తిట్టి, తోసి, తలమీద టమాటా సాస్ పోసి, ముఖము మీద సిగరెట్టు పొగ ఊదేవారు. కూర్చున్నవాడు చేయి ఎత్తకూడదు. కొట్టేవాని కన్నులలోనికి చూడడము మానకూడదు. క్రింద పడితే తల ఎలా కాపాడుకోవాలో, పక్కవాడు దెబ్బలు తింటుంటే తన శరీరాన్ని ఎలా అడ్డము పెట్టాలో నేర్పారు. శత్రువును ప్రేమించుట అనే వాక్యము మీద మనమందరము ప్రసంగించాము. దానిని నెలల తరబడి సాధన చేయించిన సండేస్కూలు మాత్రము మాకు ఇది తప్ప తెలియదు. ఆ యౌవనస్థులు ధైర్యము పుట్టుకతో తెచ్చుకొన్నారని అనుకొనడము పొరపాటు. వారికి అది నేర్పబడింది.

1960 ఫిబ్రవరి 1న నార్త్ కరోలినాలోని గ్రీన్స్‌బరోలో నలుగురు కళాశాల విద్యార్థులు వుల్‌వర్త్ దుకాణపు లంచ్ కౌంటర్ వద్ద కూర్చుని కాఫీ అడిగారు. ఆ దుకాణములో నల్లవారు వస్తువులు కొనవచ్చును, తినడానికి కూర్చోకూడదు. (రెండు గ్లాసుల పద్ధతి చూచిన మన పాఠకులకు దీనిని విడమరచి చెప్పనక్కరలేదు.) వార్త పాకింది. నాష్‌విల్ విద్యార్థులు అప్పటికే సిద్ధపడి ఉన్నారు గనుక ఫిబ్రవరి 13న వందకు పైగా విద్యార్థులు క్రమశిక్షణతో వెళ్లి కూర్చున్నారు. 27న వారిని కొట్టారు. కొట్టినవారిని కాక, కూర్చున్నవారిని 81 మందిని పోలీసులు అరెస్టు చేశారు. ఒక వరుసను తీసుకొనిపోతే మరొక వరుస వచ్చి కూర్చుంది. జరిమానా కట్టము, జైలులోనే ఉంటాము అన్నారు. జైలు అంటే కుటుంబానికి తలవంపులు అనే ఇంట్లో పెరిగిన లూయిస్ మొదటిసారి అరెస్టయినది ఆ రోజే.

మార్చిలో వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయము లాసన్‌ను బహిష్కరించింది. నిరసనగా వేదాంత విభాగపు అధ్యాపకులలో అనేకులు రాజీనామాలు ఇచ్చారు. ఏప్రిల్ 19న విద్యార్థుల న్యాయవాది అలెగ్జాండర్ లూబీ ఇంటిమీద బాంబు పడింది. ఆ దినమే వేలాది మంది మౌనముగా నగర కార్యాలయానికి నడిచారు. మెట్లమీద డయాన్ నాష్ మేయరును ఒకే ప్రశ్న అడిగింది: కేవలము జాతిని, రంగును బట్టి మనిషిని వేరుగా చూడడము తప్పని మీరు అనుకొంటున్నారా? ఆయన చట్టము గురించి చెప్పబోలేదు, తప్పే అన్నాడు. మే 10న నాష్‌విల్ లంచ్ కౌంటర్లు నల్లవారికి తెరచుకొన్నాయి.

పెద్దల ఆలోచన, పిన్నల ఆలోచన

1960 ఏప్రిల్‌లో ఈస్టరు వారాంతమున ఎల్లా బేకర్ అనే స్త్రీ, అప్పటికి ఆమెకు 56 ఏండ్లు, ఈ విద్యార్థులందరిని షా విశ్వవిద్యాలయములో సమావేశపరచింది. కింగ్ గారి సంస్థలో పనిచేస్తూ కూడా, ఆ సంస్థకు యువజన శాఖగా మారవద్దు, మీ సంస్థను మీరే నడుపుకోండి అని వారికి సలహా ఇచ్చింది. అలా పుట్టినది విద్యార్థి అహింసా సమన్వయ సంఘము, పొట్టిపేరు స్నిక్. మన డయాసిస్‌లలో, సినడ్‌లలో, అసోసియేషన్‌లలో యువజన విభాగాలు నడిపేవారు ఎల్లా బేకర్ ఇచ్చిన ఈ సలహాను ఒకసారి తీరికగా ఆలోచించాలని మేము కోరుతున్నాము.

1961 మే నెలలో ఫ్రీడం రైడ్స్ జరిగాయి. రాష్ట్రాల మధ్య తిరిగే బస్సులలో, బస్సు స్టేషన్లలో వేరుపాటు చెల్లదని సుప్రీంకోర్టు చెప్పినా అమలు కానందున, 13 మంది నల్లవారు, తెల్లవారు కలిసి వాషింగ్టన్ నుండి బస్సులలో దక్షిణానికి బయలుదేరారు. మే 14న అలబామాలో ఆనిస్టన్ దగ్గర ఒక బస్సును తగులబెట్టారు. మరొక బస్సు వారిని బర్మింగ్‌హామ్‌లో కొట్టారు. ప్రయాణము ఆగిపోయింది. దౌర్జన్యము చేస్తే ఉద్యమము ఆగిపోతుందన్న మాట రుజువు కాకూడదని నాష్‌విల్ విద్యార్థులు తాము వెళతామన్నారు. టిక్కెట్లకు 900 డాలర్లు కావాలి. డబ్బు పెద్దల చేతిలో, అనగా కాపరుల సంఘము చేతిలో, ఉంది. పిల్లలను చావుకు పంపలేమని పెద్దలు గంటల తరబడి వాదించారు. చివరకు డబ్బు ఇచ్చారు. వెళ్లినవారిలో కొందరు ముందురాత్రే వీలునామాలు రాసి ఇచ్చారు.

ఆ పెద్దలను పిరికివారని మేము అనము. కన్నబిడ్డల వంటివారిని మంటలోనికి పంపమంటే ఎవరి నోటనైనా వెంటనే సరే అన్నమాట రాదు. కింగ్ గారిని కూడా విద్యార్థులు బస్సు ఎక్కమని అడిగారు. తాను అప్పటికే ఒక కేసులో షరతుల మీద ఉన్నానని చెప్పి ఆయన ఎక్కలేదు. మేమూ షరతుల మీదే ఉన్నామని విద్యార్థులు అన్నారు. వారి మనస్సులు నొచ్చుకొన్నాయి.

యౌవనస్థులు తొందరపడినప్పుడు మనము తరచు రెహబాము కథ చెబుతాము (1 రాజులు 12). పెద్దల ఆలోచన విడిచి తనతో పెరిగిన యౌవనుల ఆలోచన వినినందున రాజ్యము చీలిపోయిందని హెచ్చరిస్తాము. మేము కూడా చెప్పాము. కాని ఆ అధ్యాయము మరల చదివితే అక్కడ ప్రశ్న వయస్సు కాదు, కాడి. పెద్దలు కాడిని తేలిక చేయమన్నారు, యౌవనులు బరువు చేయమన్నారు. నాష్‌విల్‌లో కాడిని తేలిక చేయమన్నవారు యౌవనులు. ఇకముందు ఎదిగే పిల్లల మీద ఈ వాక్యభాగాన్ని ప్రయోగించే ముందు, ఎవరి మాట ఎవరి మెడమీద బరువు తీస్తున్నదో చూడవలసి ఉంది.

బర్మింగ్‌హామ్: ఏ వయస్సు చాలును?

ఈ పోరాటములో కాపరులను అన్నిటికంటె కలతపరచే ఘట్టము ఇదే. 1963 ఏప్రిల్‌లో బర్మింగ్‌హామ్‌లో మొదలైన ఉద్యమము నెల తిరిగేసరికి చల్లబడింది. జైలుకు వెళ్లడానికి పెద్దలు ముందుకు రాలేదు. జైలుకు వెళితే ఉద్యోగము పోతుంది, అద్దె ఇల్లు పోతుంది. అప్పుడు జేమ్స్ బెవెల్, నాష్‌విల్‌లో తర్ఫీదు పొందిన ఆ సెమినరీ విద్యార్థి, బడిపిల్లలను పిలుద్దామన్నాడు. పిల్లవాడు జైలుకు వెళితే ఇంట్లో జీతము ఆగదు. అది లెక్క. కాని ఏ వయస్సువారిని పిలవాలి అన్నది లెక్క కాదు, వేదాంతము. బెవెల్ ఇచ్చిన సమాధానము ఏమనగా, విశ్వాసము ఒప్పుకొని సంఘములో సభ్యునిగా చేరడానికి తగిన వయస్సు వచ్చినవాడు జైలుకు వెళ్లడానికి కూడా తగినవాడే.

మన బాప్తిస్మపు తరగతులలో, కన్ఫర్మేషను తరగతులలో పండ్రెండు, పదమూడేండ్ల పిల్లలను కూర్చోబెట్టి, మరణము వరకు క్రీస్తును వెంబడిస్తారా అని అడిగి, అవును అనిపించుకొంటాము. ఆ జవాబును మనము నిజముగా నమ్ముతున్నామా? నమ్మితే బెవెల్ మాటకు బదులు చెప్పడము కష్టము. నమ్మకపోతే అడగడమెందుకు? ఈ ప్రశ్నకు మా దగ్గర పూర్తి సమాధానము లేదు. తండ్రులమైన మాకు, మా పిల్లలు ఆ వరుసలో ఉంటే అనే ఆలోచన వచ్చినప్పుడు వాదన నోటనే ఆగిపోతుంది. కింగ్ గారు సైతము వెంటనే ఒప్పుకొనలేదు. బయట నుండి మాల్కం ఎక్స్, ప్రభుత్వము నుండి రాబర్ట్ కెన్నెడీ ఈ పనిని తప్పుపట్టారు. వేరుపరచే చట్టము ఆ పిల్లలను ఇన్నేండ్లుగా ప్రతిదినము గాయపరుస్తుంటే ఈ ఆందోళన ఎక్కడికి పోయిందన్నది కింగ్ గారు ఆ తరువాత ఇచ్చిన సమాధానపు సారాంశము.

మే 2న పదహారవ వీధి బాప్టిస్టు చర్చి తలుపులలో నుండి పిల్లలు గుంపులు గుంపులుగా పాడుతూ బయటకు వచ్చారు. ఆ దినమే వందలాది మంది అరెస్టయ్యారు. పోలీసు బండ్లు చాలక బడిబస్సులు తెచ్చారు. మరునాడు నగర భద్రతాధికారి బుల్ కానర్ వారిమీదికి కుక్కలను వదలి, అగ్నిమాపక గొట్టాలతో నీళ్లు కొట్టించాడు. చెట్టు బెరడును ఊడదీయగల వేగముగల నీళ్లు అవి. ఆ ఛాయాచిత్రాలు లోకమంతా చూచింది. అరెస్టయినవారిలో తొమ్మిదేండ్ల ఆడ్రీ ఫే హెండ్రిక్స్ వారము రోజులు జైలులో ఉంది. మే 10న వ్యాపారులతో ఒప్పందము కుదిరింది. మే 20న పాఠశాలల బోర్డు వేయిమందికి పైగా విద్యార్థులను బడి నుండి తీసివేస్తే రెండు రోజులలో ఫెడరల్ న్యాయమూర్తి ఆ ఉత్తర్వును ఆపివేశాడు. జూన్ 11న అధ్యక్షుడు కెన్నెడీ పౌరహక్కుల చట్టము తెస్తామని ప్రకటించాడు. 1964 జూలై 2న అది చట్టమయింది.

అదే చర్చిలో 1963 సెప్టెంబరు 15, ఆదివారము, యౌవనుల ఆదివారము. ఆ దినపు సండేస్కూలు పాఠము క్షమించే ప్రేమను గూర్చినది. ఉదయము పదిన్నరకు కొంచెము ముందు మెట్లక్రింద పెట్టిన బాంబు పేలింది. ఆడీ మే కాలిన్స్, సింథియా వెస్లీ, కరోల్ రాబర్ట్‌సన్, వీరు 14 ఏండ్లవారు, డెనీస్ మెక్‌నైర్, 11 ఏండ్లది, చనిపోయారు. ఆ మధ్యాహ్నము అదే నగరములో 13 ఏండ్ల వర్జిల్ వేర్, 16 ఏండ్ల జానీ రాబిన్సన్ కాల్చి చంపబడ్డారు. బాంబు పెట్టినవారిలో ఒకనికి 1977లో, మరొకనికి 2001లో, ఇంకొకనికి 2002లో శిక్ష పడింది.

బెవెల్ గురించి ఒక మాట దాచకూడదు. 2008లో ఆయన కన్నకుమార్తె పట్ల చేసిన ఘోరపాపానికి న్యాయస్థానము ఆయనను దోషిగా నిర్ణయించి శిక్ష వేసింది. అదే సంవత్సరము ఆయన చనిపోయాడు. బర్మింగ్‌హామ్‌లో ఆయన చేసిన పని చరిత్రలో ఉంది. ఆయన కుమార్తె భరించినది కూడా చరిత్రలో ఉంది. ఒకదానితో మరొకదానిని కప్పే హక్కు కాపరులకు లేదు.

సెల్మా డీకనులు, మా తాళము చెవి

1963 ప్రారంభములో 22 ఏండ్ల బెర్నార్డ్ లఫాయెట్ అలబామాలోని సెల్మాకు ఓటు హక్కు పని మీద వచ్చాడు. సభ పెట్టుకొనడానికి చోటిచ్చే సంఘము కోసము వెదకవలసి వచ్చింది. చివరకు టాబర్నకిల్ బాప్టిస్టు చర్చి కాపరి ఎల్. ఎల్. ఆండర్సన్ తన డీకనులు అభ్యంతరపెట్టినా మే 14న తన చర్చిలో సభ జరిపించాడు. రెండేండ్ల తరువాత అదే ప్రాంతములో మారియన్ అనే ఊరిలో జిమ్మీ లీ జాక్సన్ అనే 26 ఏండ్ల యువ డీకనును రాష్ట్ర పోలీసు కాల్చాడు. అతని మరణమునకు నిరసనగానే సెల్మా నుండి మోంట్‌గమరీకి నడక తలపెట్టారు. 1965 మార్చి 7న వంతెన మీద ముందువరుసలో నడిచిన జాన్ లూయిస్ తల పగిలింది. ఆగస్టు 6న ఓటు హక్కు చట్టము వచ్చింది.

ఆండర్సన్ గారి డీకనుల సంగతి చదివినప్పుడెల్లా మాకు మా సొంత సంగతి గుర్తుకు వస్తుంది. మా పరిచర్య తొలినాళ్లలో, 1990ల ఆరంభములో, ఒక గ్రామసంఘములో నలుగురు యౌవనస్థులు వచ్చి, ఊరి టీ హోటలులో రెండు గ్లాసుల విషయమై మాట్లాడుకోవాలి, శనివారము రాత్రి గుడి కావాలి అన్నారు. "మీరు రానక్కరలేదు అయ్యగారూ, తాళం చెవి ఇవ్వండి చాలు" అన్నారు. మేము సంఘపెద్దలను అడిగాము. రైతుల దగ్గర పని పోతుందని పెద్దలు భయపడ్డారు. ఆ భయము అబద్ధము కాదు. ప్రార్థించుదాము, ఈస్టరు పోనివ్వండి అని మేము చెప్పాము. వారు బడి వరండాలో కూర్చుని మాట్లాడుకొని, హోటలుకు వెళ్లారు. గొడవ అయింది. కొంతకాలానికి ఆ హోటలులో అందరికీ ప్లాస్టిక్ కప్పులు వచ్చాయి. ఆ నలుగురిలో ఇద్దరు మరల గుడికి రాలేదు.

1965 తరువాత

స్నిక్ యౌవనస్థులలో అనేకులు ఆ తరువాత సంఘానికి దూరమయ్యారు. 1966లో లూయిస్‌ను అధ్యక్ష స్థానము నుండి తప్పించి స్టోక్లీ కార్మైకేల్‌ను ఎన్నుకొన్నారు. నల్లజాతి అధికారము అనే నినాదము వచ్చింది. దానిని కేవలము ద్వేషమని కొట్టివేసే వ్యాసాలు మేము చదివాము. 1964 వేసవిలో మిసిసిపీలో ఓటర్ల నమోదుకు వెళ్లిన జేమ్స్ చేనీ (21), ఆండ్రూ గుడ్‌మన్ (20), మైకేల్ ష్వెర్నర్ (24) హత్య చేయబడి మట్టికట్ట క్రింద పాతిపెట్టబడ్డారు. తోటివారిని ఇలా పాతిపెట్టుకొంటూ, దెబ్బకు దెబ్బ కొట్టకుండా ఐదారేండ్లు నిలిచినవారు అలసిపోయారు. ఆ అలసటను గుర్తించకుండా తీర్పు చెప్పడము న్యాయము కాదు. 1963 వాషింగ్టన్ సభలో, కింగ్ గారి ప్రసిద్ధ ప్రసంగానికి ముందు, 23 ఏండ్ల లూయిస్ రాసుకొన్న ప్రసంగాన్ని ఒక ఆర్చిబిషప్పు అభ్యంతరము వలన చివరి నిమిషములో మెత్తబరచవలసి వచ్చింది. పెద్దలు వినగలిగినంతే చెప్పనిచ్చారు.

వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయము తాను వెళ్లగొట్టిన లాసన్‌ను 2006లో ఆచార్యునిగా పిలిచింది. ఆయన వెళ్లి బోధించాడు. జాన్ లూయిస్ 1987 నుండి అమెరికా ప్రతినిధుల సభలో ఉండి 2020 జూలై 17న మరణించాడు. అట్లాంటాలోని ఎబెనెజర్ బాప్టిస్టు చర్చిలో జూలై 30న జరిగిన భూస్థాపన ఆరాధనలో మాట్లాడినవారిలో ముగ్గురు మాజీ అధ్యక్షులు ఉన్నారు. వారితోపాటు 91 ఏండ్ల జేమ్స్ లాసన్ కూడా లేచి, చర్చి క్రింది గదిలో కుర్చీలు వరుసగా వేసి తాను నేర్పిన విద్యార్థిని గూర్చి మాట్లాడాడు.